సూదిమొనంత కంటిపాపలు

మా తమ్ముడి మనవరాలు శాంతి నర్సింగు చదువుతోంది. పోయిన ఆదివారం సూర్యాపేట నుంచి కోదాడలో మా ఇంటికి వచ్చింది. వస్తూ ఇటుకంత పుస్తకం ఒకటి మోసుకొచ్చింది. మర్నాడు పరీక్ష అట, చిన్నపిల్లల మెదడు, నరాల జబ్బులు పాఠం. "నాయనమ్మా, నువ్వు నలభై ఏండ్లు నర్సు చేసినవు గదా, నన్ను ప్రశ్నలడుగు" అని పుస్తకం నా ఒళ్ళో పడేసి, వంటింట్లోకి వెళ్ళి చేగోడీల డబ్బా తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. నేను కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ సన్న అక్షరాల్లో వేలు ఎక్కడ పడితే అక్కడ అడుగుతూ పోయాను. ఒకచోట వేలు ఆగింది. "పిల్ల మగతగా ఉంది, ఊపిరి నెమ్మదిగా ఉంది, కంటిపాపలు రెండూ సూదిమొనంత అయ్యాయి. ఏమనుకుంటావు?" అన్నాను. శాంతి చేగోడీ నమలడం కూడా ఆపలేదు. "ముందు నల్లమందు జాతి మందులు అనుకోవాలె. అది కాకుంటే మెదడు కింది భాగంల రక్తం కారుడు" అంది. "ముందుది ముందు చెప్పావు, బతికిపోయావు" అన్నాను. పరీక్షలో మార్కుల సంగతి అనుకుని ఆ పిల్ల సంతోషించింది. నేను మాత్రం ఇంక ప్రశ్నలు అడగలేకపోయాను. ఆ రెండు ముక్కల్లో మొదటిదాన్ని మరిచిపోయి, రెండోదాన్ని మాత్రం గుర్తుపెట్టుకున్న మహాపండితురాలిని నేనే.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు ఉంటాయి. సూర్యాపేటలో ఒక చిన్న దవాఖానలో నర్సు పని నేర్చుకుంటున్నాను. మా వేములపల్లిలో మా వాడ నుంచి చదువుకోవడానికి బయటికి వెళ్ళిన మొదటి ఆడపిల్లను. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకోవడం నా బాధ్యత అనుకునేదాన్ని. పొద్దున్నే గంట కొట్టేసరికి గంజి పెట్టిన తెల్లచీర ఫెళఫెళలాడుతుండగా వార్డులో నిలబడాలి. కార్బాలిక్ నీళ్ళతో నేల కడిగిన వాసన, పక్కనే వంటపాకలో కాగుతున్న రాగిజావ వాసన, పసిపిల్లల పాలవాంతుల వాసన, ఈ మూడూ కలిస్తే నా యవ్వనం. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు కూడా ఒంటికి కార్బాలిక్ వాసన ఉండేటట్టు చూసుకునేదాన్ని. మల్లెపూలు పెట్టుకున్న పిల్లల కన్నా నేనే గొప్పగా ఉన్నానని నా నమ్మకం.

మధ్యాహ్నం వరండాలో డాక్టరమ్మ మాకు పాఠం చెప్పేది. ఆమెది బెజవాడ వైపు. నెమ్మదిగా మాట్లాడేది, కోపం వస్తే ఇంకా నెమ్మదిగా మాట్లాడేది. ఆ ఏడు మెదడు జబ్బులు, మూర్ఛ, ధనుర్వాతం, పిల్లలకు కాలుచెయ్యి పడిపోవడం చెప్పింది. మెడ వంచితే గడ్డం రొమ్ముకు ఆనుతుందా లేదా చూడమంది. కళ్ళలోకి టార్చి వేసి కంటిపాపలు చూడమంది. మోకాలి కింద చిన్న రబ్బరు సుత్తితో కొడితే కాలు ఎగరాలంది. నాకు అంతకు ముందు ఏ పాఠమూ అంత రుచించలేదు. దగ్గూ విరేచనాలూ ఎవరైనా చెప్పగలరు. మెదడు లోపల ఏం జరుగుతోందో బయట నిలబడి చెప్పడం అంటే మాటలా! ఆ వారం రోజులు దవాఖానలో నా చేతికి చిక్కని మెడ లేదు. వంటమనిషి మెడ కొద్దిగా బిగిసినట్టుంటే మెదడువాపు అని సిస్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె ముందురోజు రెండు బిందెలు ఒక్కసారి మోసిందట. కావలి తాత మోకాలు సుత్తితో కొడితే కాలు లేవలేదు, నరం చచ్చిపోయిందని ఆయన మొహం మీదే చెప్పాను. ఆయన అది కొయ్యకాలు కాదు గదా అని రెండు రోజులు తడిమి చూసుకున్నాడు. నేను కొట్టింది తప్పు చోట అని తర్వాత తెలిసింది.

సూదిమొనంత కంటిపాపల సంగతి కూడా ఆ వరండాలోనే విన్నాను. మెదడు కింది భాగంలో రక్తస్రావానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరు చెప్పింది డాక్టరమ్మ. ఆ పేరు మూడుసార్లు రాసుకుని, పలికి పలికి నాలుక తిప్పుకున్నాను. ఆ వాక్యంలోనే ఇంకో కారణం కూడా చెప్పింది, నల్లమందు అని. నల్లమందుకు చదువెందుకు, మా అవ్వ దగ్గర డబ్బీ నిండా ఉంది అనుకున్నానేమో, దాన్ని రాసుకోలేదు.

నిజంగానే ఉండేది. మా నాయన తల్లి, మేమంతా అవ్వ అనేవాళ్ళం, వాడలో నాట్లకూ కలుపులకూ వెళ్ళే తల్లుల పిల్లలను చూసుకునేది. పొలం గట్టున తుమ్మచెట్టుకు నాలుగైదు జోలెలు కట్టి, కింద తాను కాళ్ళు చాపుకుని కూర్చుని, అన్ని జోలెల తాళ్ళూ ఒక్క చేత్తో ఊపేది. రెండో చేత్తో పొగాకు నలుపుకునేది. తల్లులు వంగిన నడుము ఎత్తకుండా నాటు వెయ్యాలంటే పిల్లలు ఏడవకూడదు. అందుకని పొద్దున్నే జొన్నగింజలో పావువంతు నల్లమందు తల్లిపాలలో అరగదీసి పిల్ల నాలుకకు రాసేవాళ్ళు. అది ఆ రోజుల్లో తప్పు కాదు, రహస్యమూ కాదు. ఉగ్గు పెట్టినట్టే అది పెట్టేవాళ్ళు. నేనూ అది తినే పెరిగాను. నా తెలివి చూసినవాళ్ళు అందులో ఆశ్చర్యపడరు.

పది రోజుల సెలవుకు ఇంటికి వెళ్ళాను. నాట్లు ముమ్మరంగా సాగుతున్నాయి. ఇల్లంతా తడిసిన చీరల వాసన, బురదవాసన, పొయ్యి మీద జొన్న గటక వాసన. మా అక్క రూతమ్మ కూడా పుట్టింట్లోనే ఉంది. ఎనిమిది నెలల కూతురు కరుణను చంకనేసుకుని రోజూ నాటుకు పోయేది. అక్కకూ నాకూ నాలుగేళ్ళు తేడా. మా ఇద్దరిలో ఒక్కరినే బడికి పంపగలమని నాయన అన్నప్పుడు, పొలం పనికి తాను పోతానని చెప్పింది ఆమే. అది నేను మరిచిపోలేదు, కానీ గుర్తుపెట్టుకున్నట్టు కూడా ప్రవర్తించలేదు.

వెళ్ళిన రెండో రోజు పొద్దున అవ్వ కరుణ నాలుకకు నల్లమందు రాస్తుంటే చూశాను. ఇంక చూసుకోండి. వాకిట్లో నిలబడి వాడ వాడంతా వినేటట్టు ఉపన్యాసం మొదలుపెట్టాను. మీరు తల్లులా, రాక్షసులా అన్నాను. మెదడు మొద్దుబారుతుందన్నాను. మళ్ళీ ఎవరైనా పెట్టినట్టు తెలిస్తే డాక్టరమ్మకు చెప్పి జేలుకు పంపిస్తానన్నాను. ఆ జేలు ఎక్కడుందో నాకూ తెలియదు. అవ్వ చేతిలో డబ్బీ లాక్కుని పెంటకుప్పలోకి విసిరేశాను. ఆడవాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. "పిల్లకు సదువొచ్చింది గని సోయి రాలే" అంది అవ్వ మెల్లగా. అక్క కరుణను చంకనేసుకుని నాటుకు పోయింది. నేను గెలిచానని లోపలికి వెళ్ళి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

తర్వాత జరిగినదంతా ముందే తెలిసినా నేను చేసేదేమీ ఉండేది కాదేమో, ఎందుకంటే అందరూ నా దగ్గర దాచడం నేర్చుకున్నారు. అవ్వ పెంటకుప్పలో వెతికి డబ్బీ తెచ్చుకుని రైక లోపల పెట్టుకుంది. అక్క, అవ్వ డబ్బీ పోయింది గదా అని, పక్కింటామె దగ్గర కొద్దిగా అడిగి తెచ్చి కొంగున ముడేసుకుంది. గోడకు చెవులున్నాయో లేదో గాని ఆ ఇంట్లో నాకున్నాయి. అందుకని ఇద్దరూ ఒకరితో ఒకరు ఆ మాటే ఎత్తలేదు. మూడో రోజు పొద్దున పాలిస్తూ అక్క ఇంత రాసింది. గట్టు మీద జోలెలో వేస్తూ అవ్వ ఇంత రాసింది.

పొద్దు బారెడెక్కేసరికి అవ్వ కేక వినబడింది. ఇంటి దగ్గర బట్టలు ఇస్త్రీ మడతలు పెట్టుకుంటున్న నేను గట్టు వెంట పరుగెత్తాను. కరుణ అవ్వ ఒళ్ళో తడిగుడ్డలా వేలాడుతోంది. పెదవులు కొద్దిగా నల్లబడ్డాయి. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. అక్క మోకాళ్ళ దాకా బురదతో వచ్చి నిలబడిపోయింది. నేను కనురెప్ప ఎత్తి చూశాను. కంటిపాప సూదిమొనంత ఉంది. రెండో కన్నూ అంతే. ఆ క్షణంలో నాకు కలిగింది భయం కాదు, అదే నా సిగ్గు. గుర్తుపట్టానన్న ఆనందం కలిగింది. పదిమంది ఆడవాళ్ళ ముందు ఆ పొడుగాటి ఇంగ్లీషు పేరు తప్పు లేకుండా పలికాను. "మెదడులో రక్తం కారుతోంది. సూర్యాపేట తీసుకుపోవాలి" అన్నాను. ఆడవాళ్ళు బావురుమన్నారు. అక్క నా మొహంలోకి చూసింది. ఏదో అనబోయి ఆగింది. బిడ్డ చనిపోతుందన్న భయమనుకున్నాను.

ఎడ్లబండి మీద మిర్యాలగూడ చేరాం. అక్కడ సర్కారు దవాఖాన ఉంది. డాక్టరు ఊళ్ళో లేడు, కాంపౌండరు ఉన్నాడు. తెల్లగడ్డం, చెవిలో అత్తరు దూది, నలభై ఏళ్ళుగా అదే బల్ల దగ్గర కూర్చున్న మనిషి. కరుణను చూసి, మా అందరినీ చూసి, తాపీగా అడిగాడు.

"పొద్దుగాల పిల్లకేమన్న పెట్టిన్రా అమ్మా?"

"ఏమీ పెట్టలేదు" అన్నాను నేను.

"నిన్ను గాదు బిడ్డా, తల్లిని అడుగుతున్న."

"నేను నర్సును. మా ఇంట్లో అవన్నీ బందు చేయించాను. ఇది మెదడు జబ్బు. ఇక్కడ మీకు తెలియదు" అన్నాను.

అక్క తల వంచుకుంది. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన ఇంకోసారి అడిగేవాడే. కానీ సూర్యాపేట బస్సు కదలబోతోందని ఎవరో కేకేశారు, నేను పిల్లను ఎత్తుకుని బయటికి నడిచాను. "జర మెలకువగుంచు పిల్లను, పండనియ్యకు" అని ఆయన వెనకనుంచి అరవడం వినబడింది. ఆయనకు ఏం తెలుసు అనుకున్నాను.

ఎందుకంటే నాకు తెలుసు. మెదడు జబ్బు పిల్లను చీకట్లో, చప్పుడు లేకుండా, కదలకుండా ఉంచాలి. పాఠంలో ఉంది. బొగ్గుతో నడిచే ఆ బస్సులో, పొగా కుదుపులూ మధ్య, నేను కరుణ కళ్ళ మీద నా తెల్లచీర చెంగు కప్పి, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఎవరు మాట్లాడినా ఉష్ అన్నాను. ముందు సీటులో ఒకాయన చుట్ట కాలుస్తుంటే ఆర్పించాను. కోడిని తీసుకెళ్తున్న ఒకామెను వెనక్కి పంపించాను. పిల్ల హాయిగా చచ్చిపోవడానికి కావలసిన ఏర్పాట్లన్నీ శ్రద్ధగా చేశాను. అవ్వ మాత్రం నా పక్కనే కూర్చుని, చెంగు కింద చెయ్యి పెట్టి, పిల్ల అరికాలు గిల్లుతోంది. గిల్లినప్పుడల్లా కరుణ ఒక్కసారి ఎగపీల్చి చిన్నగా మూలిగేది. "చెయ్యి తియ్యవ్వా, పిల్లను తిప్పలు పెట్టకు" అని అవ్వ చేతి మీద కొట్టాను. అవ్వ చెయ్యి తీసింది. కాసేపటికి మళ్ళీ పెట్టింది. మళ్ళీ కొట్టాను. సూర్యాపేట వచ్చేదాకా ఇదే. మా అవ్వ చెయ్యి ఎర్రగా వాచిపోయింది. కరుణ అరికాలు కూడా వాచిపోయింది. ఆ వాపు లేకపోతే ఆ పిల్ల లేదు.

డాక్టరమ్మ కరుణను బల్ల మీద పడుకోబెట్టి చూస్తుంటే నేను పక్కన నిలబడి ఆ పొడుగాటి పేరు మళ్ళీ చెప్పాను. శభాష్ అంటుందనుకున్నాను. ఆమె నా వైపు తిరగలేదు. పిల్ల నోరు వాసన చూసింది. గోటితో అరికాలు గీసింది. తర్వాత అక్క వైపు తిరిగి, "ఏమమ్మా, పిల్లకు నల్లమందు పెట్టారా?" అంది చాలా నెమ్మదిగా.

అక్క నా వైపు చూసింది. నేల చూసింది. "లేదమ్మా" అంది.

అవ్వ అప్పుడు ముందుకు వచ్చింది. "నేను పెట్టిన తల్లీ. పావుగింజ పెట్టిన. రోజు పెట్టేదే. ఇయ్యాల ఎందుకిట్లయిందో నాకు సమజైతలేదు" అని రైకలోంచి డబ్బీ తీసి బల్ల మీద పెట్టింది. అక్క ఆ డబ్బీని చూసి కెవ్వుమంది. "అవ్వా, నువ్వు గూడ పెట్టినవా!" అని బల్ల కాలు పట్టుకుని కూలబడింది. గదిలో అందరికీ అర్థమయింది. చివరికి నాకు కూడా అయింది.

ఆ తర్వాత ఎవరినీ తిట్టుకునే టైము లేదు. సన్న గొట్టం కడుపులోకి వేసి గులాబీరంగు మందునీళ్ళతో కడిగారు. ఊపిరికి ఇంజెక్షన్ ఇచ్చారు. చిక్కటి కాఫీ డికాక్షన్ కాచి చల్లార్చి కొద్దికొద్దిగా లోపలికి పంపారు. నా పని ఒక్కటే, పిల్లను నిద్రపోనివ్వకుండా చూడడం. మొహం మీద చల్లటి నీళ్ళు చిలకరిస్తూ, అరికాళ్ళు తడుతూ, "కరుణా, కరుణా" అని అరుస్తూ వార్డంతా ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పాను. రెండుసార్లు ఊపిరి ఆగింది. రెండుసార్లు డాక్టరమ్మ నోటితో ఊపిరి ఊదింది. అప్పుడు భయం వేసింది నాకు. ఎండ వరండా దాటి వేపచెట్టు మీదికి పోయేవేళకు కరుణ కళ్ళు తెరిచి, నన్ను చూసి, గుక్కపెట్టి ఏడ్చింది. అంత ఏడుపు అంతకుముందు గాని తర్వాత గాని నేను వినలేదు. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, "ఇంట్లో ఎవరినైనా అడిగావా, అమ్మాయ్?" అంది. లేదన్నాను. "కంటిపాప చూశావు. కంటిపాప చెప్పేది సగమే" అని వెళ్ళిపోయింది. నన్ను తిట్టనందుకు ఆ రాత్రంతా ఏడ్చాను.

ఇప్పుడు శాంతి వాళ్ళకు అడగడానికి అచ్చు కాగితం ఉంది. ఏం మందులు వాడారు, ఎప్పుడు, ఎంత, గళ్ళు గళ్ళుగా. పడక పక్కన ఊపిరి కొలిచే మిషను ఉంది, నల్లమందుకు విరుగుడు ఇంజెక్షను ఉంది. మాకు కాఫీ డికాక్షనూ, అవ్వ గోళ్ళూ ఉండేవి. అప్పటి రోజులే బాగున్నాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ఆ రోజుల్లో ఊపిరి ఆగిన పిల్లను ఎత్తుకుని తిరిగిన చేతులు నావి. కానీ ఆ కాగితం పట్టుకుని నిలబడి, తల్లి మొహం చూడకుండా గళ్ళు నింపుకుంటూ పోయే పిల్లలను చూస్తే వాకిట్లో ఉపన్యాసమిచ్చిన నేనే కనబడతాను. తర్వాత కోదాడలో పనిచేసినన్నాళ్ళూ మగతగా ఉన్న పిల్లను ఎవరు తెచ్చినా, నేను ముందు తల్లి పక్కన నేల మీద కూర్చునేదాన్ని. "మా ఇంట్లో కూడా పెట్టేవాళ్ళం తల్లీ. ఎంత పెట్టావో చెప్పు, నేనేమీ అనను" అనేదాన్ని. కొంగు ముడి విప్పి చూపించని తల్లి నాకు తగిలింది తక్కువ. అలా కూర్చోవడం నాకు డాక్టరమ్మ నేర్పలేదు, మా అక్క నేర్పింది.

ఆ సాయంత్రం కరుణ ఏడ్చి ఏడ్చి పాలు తాగుతోంది. వార్డు మెట్ల మీద అక్క పక్కన కూర్చున్నాను. ఆమె కాళ్ళ మీద పొలం బురద ఇంకా అలాగే ఎండి ఉంది. నాకు అప్పటికీ బుద్ధి రాలేదు. కోపంగానే అడిగాను.

"నాకంటే భయపడ్డావు, సరే. డాక్టరమ్మ అంత మంచిగా అడిగింది గదా, ఆమెకెందుకు అబద్ధం చెప్పినవక్కా?"

అక్క పిల్ల నోటి పక్కన కారిన పాలు కొంగుతో తుడిచింది.

"నువ్వు అప్పటికే ఆమెకు మెదడు జబ్బని చెప్తివి. నేను గాదంటే నీ మాట తప్పయితది గదనే. నీ మాట తప్పయితే నిన్ను గీడికెళ్ళి పంపిస్తరేమో, మళ్ళ వచ్చి నాటేస్తవేమో అని భయమైంది."

"పిల్ల పోతే?"

అక్క నా తెల్లచీర చెంగుకు అంటిన మసి తన తడిచేత్తో రుద్దుతూ అంది.

"రెండిట్ల ఏది పోతదో తెల్వక, నోరు రాలే."